లాభం లేని అబద్ధాలు

పంతులు పోయాడన్న వార్త మా వీధికి పక్కింటి వాళ్ళ అల్లుడు తెచ్చాడు. అతను డోర్నకల్ స్టేషన్లో మూటలు మోస్తాడు. ఆ పూట మేము నలుగురం మగ్గానికి ఎక్కించే పడుగు నూలు వీధి పొడుగునా పరచి గంజి పెడుతున్నాం. "పంతులు పోయిండు. బండి మారేటందుకు దిగి బల్ల మీద కూసున్నడు. బండొచ్చినంక లేపుదామని పోతే లేవలే," అన్నాడు. అందరి చేతుల్లో కుంచెలు ఆగిపోయాయి. నా చేతిలోది ఆగలేదు. గంజి ఆరితే పోగులు అతుక్కుంటాయి, అది ఎవరి చావు కోసమూ ఆగదు. "మంచిది," అన్నాను. గడపలో నిలబడ్డ నా భార్య నా వైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది.

ఒక మాట ముందే చెప్పడం మంచిది. ఆయన మీద నాకు కోపం ఉంది. ఆయన పోయాక కూడా ఉంది. గ్రంథాలయం వాళ్ళు ఆయన జ్ఞాపకంగా నాలుగు పేజీలు అచ్చు వేస్తామని, వీధిలో రాయడం వచ్చిన వాళ్ళనందరినీ రాయమన్నారు. అప్పటికే వచ్చినవి రెండు చదివి వినిపించారు. ఒకాయన పంతుల్ని కల్పవృక్షం చేశాడు. ఇంకొకాయన, మా వీధి ఆయనను నెత్తిన పెట్టుకుని చూసుకుందని రాశాడు. చచ్చినవాని కండ్లు చారెడంటారు గాని, మరీ ఇంత చారెడు నేనెప్పుడూ వినలేదు. పంతులు బడి మూయించమని సర్కారుకు పెట్టిన అర్జీ మీద ఆ రెండో ఆయన సంతకం రెండోది. మొదటిది నాది. కాబట్టి నేనూ రాస్తానని కాగితం అడిగి తెచ్చుకున్నాను.

ఆయనది పరకాల వైపు. మా వీధి చివర ఎవరో పత్తి నిలువ చేసుకునే కొట్టును అడిగి తీసుకుని బడి పెట్టాడు. ఎంత ఊడ్చినా ఆ గోడల్లో నుంచి దూది రేగుతూనే ఉండేది, పిల్లలు తుమ్ముతూ అక్షరాలు దిద్దేవారు. మా పిల్లలకు సర్కారు బడిలో చదువంతా ఉర్దూ. తెలుగు రావాలంటే పొద్దున రెండు గంటలు ఈయన దగ్గరే. పలకలు తన పంచె కొంగుతోనే తుడిచేవాడు, అందుకని ఆ పంచె తెల్లగా ఉండగా చూసినవాళ్ళు లేరు. చొక్కా గుండీలు ఎప్పుడూ ఒకటి పైకో కిందకో పెట్టుకునేవాడు. బెత్తం ఉంది. ఎక్కాలు తప్పితే దానితో కొట్టేవాడు కూడా. ఇప్పుడు కల్పవృక్షం అంటున్నవాళ్ళు అది మరిచిపోయారు.

ఒకనాడు పొద్దున సద్ది తినేటప్పుడు నా బిడ్డ ముద్ద ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు.

"తినవేందే?"

"ఇయ్యాల నాకు అబద్ధం దొరుకుత లేదు బాపూ. పంతులు అడుగుతడు."

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. మళ్ళీ అడిగితే అది తీరిగ్గా వివరం చెప్పింది. పలకలు ముట్టుకునే ముందు ప్రతి ఒక్కరూ లేచి ఒక అబద్ధం చెప్పాలి. ఇంకొకరు చెప్పింది పనికిరాదు. బాగుంటే పంతులు "ఏమాయె?" అంటాడు, అప్పుడు ఇంకా చెప్పాలి. బాగా లేకపోతే "కూసో" అంటాడు. శభాష్ అనడం, వీపు తట్టడం అసలు లేవు. "నిన్న నాకు మూడుసార్లు ఏమాయె వచ్చింది," అని మూడు వేళ్ళు చూపించింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తినే తిండి వదిలి ఆ పత్తి కొట్టుకు పోయాను.

"పిల్లలకు అబద్ధాలు నేర్పుతాన్నవట," అన్నాను గడపలోనే నిలబడి.

"నేర్పుత లేను. వాళ్ళకే వచ్చు. నేను ఇంటాన్న," అన్నాడు.

"రేపు దొంగతనం చేసి చెయ్యలేదంటరు. గప్పుడు ఎవలు జిమ్మేదారి?"

"దొంగతనం చేసి చెయ్యలేదన్నోడు అబద్ధమాడినట్టు గాదు, యాపారం చేసినట్టు. దాంట్ల వానికి లాభమున్నది. గసొంటిది నా బడిల చెల్లది. ఎవ్వనికి ఏ లాభం లేనిది తెమ్మంట. గదే పిల్లల సొత్తు."

"మగ్గం మీద ఒక్క పోగు అబద్ధమాడితె బట్టంత ఖరాబైతది పంతులూ. మాది గసొంటి పని."

 ఆయన నా భుజం మీది కండువా అంచు పట్టుకుని చూశాడు. అది నేను నేసిందే. "ఈ పువ్వు ఏ చెట్టుది?" అని అడిగాడు.

"ఏ చెట్టుదీ గాదు. అంచు పువ్వు. మా తాతల కాన్నుంచి ఏస్తాన్నం."

"మొదాలు ఏసినోడు ఏం జూసి ఏసిండు?"

పిల్లలందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. నాకు కోపం ఇంకా పెరిగింది. కండువా లాక్కుని వచ్చేశాను. బిడ్డను మాన్పించాలనే అనుకున్నాను. కానీ అది నాలుగు నెలల్లోనే దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదివేస్తోంది. ఆ సంగతి కాదనలేక ఊరుకున్నాను.

ఆ తర్వాత తప్పు పట్టుకోవడానికి రెండు మూడుసార్లు కిటికీ దగ్గర నిలబడి విన్నాను. ఒకనాడు నత్తి ఉన్న ఒక పిల్ల వంతు వచ్చింది. "మా... మా... మా ఇ..." అంటూ చాలాసేపు కష్టపడింది. ఒకడు నవ్వబోతే పంతులు వాడి వైపు బెత్తం చూపించాడు. అంతే, అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్ల మాట పూర్తయ్యేసరికి అవతల సర్కారు బడి గంట కూడా కొట్టేశారు. "మా ఇల్లు నిన్న ఊరికి పోయింది," అంది చివరికి. "ఏమాయె?" అన్నాడు పంతులు. "మేము... బయట పండుకున్నం," అంది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వినందుకు నా మీద నాకే చిరాకు వేసి అక్కడి నుంచి కదిలాను.

ఇక పులి సంగతి. ఇది రాయకుండా ఆయన గురించి ఏం రాసినా వృథా.

అవి చెడ్డ రోజులు. దొరల మీద, సర్కారు మీద తిరగబడ్డ వాళ్ళు పాకాల అడవుల్లో దాక్కుంటున్నారని, రాత్రిళ్ళు వచ్చి తెలిసినవాళ్ళ ఇళ్ళలో తల దాచుకుంటున్నారని జవాన్లు ప్రతి వీధీ గాలిస్తున్నారు. అట్లాంటప్పుడు నా బిడ్డ బడిలో లేచి, మా ఇంట్లో మగ్గం గుంతలో పులి ఉందని చెప్పింది. పాకాల నుంచి రాత్రిపూట వచ్చిందట. పగలంతా గుంతలోనే పడుకుంటుందట. తెగిన పోగులు తిని బతుకుతుందట. బాపు నేసేటప్పుడు గుంతలో కాళ్ళు ఆడిస్తే, అరికాళ్ళు నాకుతుందట, అందుకే బాపు ఒక్కోసారి పనిలో ఉండగా తనలో తాను నవ్వుకుంటాడట. నేను పనిలో నవ్వుతానని నాకే తెలియదు. పంతులు ఎన్నిసార్లు ఏమాయె అన్నాడో గాని, బడి విడిచేసరికి ఆ పులి వీధంతా తిరిగింది. ఒక పిల్లవాడు ఇంట్లో చెప్పాడు, వాడి తండ్రి కల్లు దుకాణంలో చెప్పాడు, అక్కడ ఉన్న జవాను చెవిన పడింది.

మూడో రోజు మధ్యాహ్నం జమేదారు ఆరుగురు జవాన్లతో మా ఇంటికి వచ్చాడు. "పులి ఏడున్నదిరా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అతని లెక్క అతనికి ఉంది. రాత్రి అడవిలో నుంచి వచ్చి పగలు గుంతలో పడుకునేది మనిషే అవుతాడు గాని పులి ఎట్లా అవుతుంది. పులి అనేది ఎవడో పెద్ద నాయకుడి మారుపేరు అనుకున్నాడు. మగ్గం మీద సగం నేసిన పడుగును కత్తితో కోసి పక్కకు లాగేశారు. గుంత నిలువులోతు తవ్వారు, గోడల్లోకి బాయినెట్లు గుచ్చి చూశారు. ఏమీ దొరకలేదు. అప్పటికీ నేను బతికిపోయేవాణ్ణి. కానీ జమేదారు నా బిడ్డ ముందు కూర్చుని మెల్లగా అడిగాడు.

"బిడ్డా, నిజంగ ఉండెనా పులి?"

నేను దాని వైపు కండ్లు ఉరిమాను. నా భార్య చేతులు జోడించింది. అది ఇద్దరినీ చూడలేదు. కథ చెప్పేటప్పుడు అడిగితే జవాబు చెప్పాలి, అంతే దానికి తెలిసింది.

"గీడనే ఉండె," అంది. "మీరొస్తాన్నరని ఉరికింది."

నన్ను చౌకీకి తీసుకుపోయి రెండు రోజులు ఉంచుకున్నారు. ఏం చేశారో రాయను, ఎడమ చేయి ఇప్పటికీ పైకి లేవదు. మూడో రోజు వదిలేశారు. ఇంటికి వచ్చి, నీళ్ళు కూడా తాగకుండా, కుడి చేత్తో నా బిడ్డను కొట్టాను. అది ఏడ్చింది, తర్వాత ఏడుపు మానేసింది, నేను మానలేదు. "ఉన్నదే చెప్తవా? లేనిది చెప్తవా?" అని అడుగుతూ కొట్టాను. "ఉన్నదే చెప్త," అనేదాకా కొట్టాను. నా భార్య అడ్డం వచ్చి రెండు దెబ్బలు తానూ తింది.

మర్నాడే అర్జీ రాయించాం. మంజూరు లేని బడి, పిల్లల్ని చెడగొట్టే బడి అని ఉర్దూలో రాసిపెట్టాడు కచ్చేరి ముందు కూర్చునే మనిషి. ఇరవై మంది దాకా సంతకాలు చేశారు. వారం తిరక్కుండా పత్తి కొట్టుకు తాళం పడింది. పిల్లల పలకలు బయట గోడకు ఆనించి పెట్టి ఉంటే ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చాడు. క్షమాపణ అడగడానికని అనుకున్నాను, నాలుగు మాటలు సిద్ధం చేసుకుని గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"దెబ్బలు బాగ తగిలినయా?" అన్నాడు.

"కండ్లు కనవడ్త లేవా?" అని నా చేయి చూపించాను.

"నీయి గాదు. పిల్లయి."

నేను తోశాను. ఆయన మురిక్కాలువలో పడ్డాడు. కళ్ళద్దాలు వెతుక్కుని, ఉన్న పంచె కొంగుతోనే తుడుచుకుని పెట్టుకున్నాడు. ఎవరూ చేయి అందించలేదు, వీధి వీధంతా చూస్తూనే ఉంది. ఇప్పుడు ఆయనను నెత్తిన పెట్టుకున్నామంటున్న మనిషి ఆ గుంపులో ముందే ఉన్నాడు. పంతులు లేచి నిలబడి, "కొట్టి మరీ నిజం ఒప్పిచ్చినవు. ఇగ నిజమే చెప్తది, సూస్తుండు," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే అది నాకు శాపంలా వినిపించింది.

ఆ మాట తర్వాత నుంచి నా బిడ్డ ఉన్నదే చెప్పసాగింది. అన్నం ఉడికింది. నూలు అయిపోయింది. వాన పడుతాంది. అమ్మ నీళ్ళకు పోయింది. మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. "పిల్ల పెద్దమనిషి లెక్క మాట్లాడుతాంది," అని వీధిలో నలుగురూ మెచ్చుకున్నారు. తెగిన పడుగు మళ్ళీ మగ్గానికి ఎక్కించుకున్నాను, చేయి సహకరించకపోయినా పని సాగింది. అప్పుడు తెలిసింది. ఇంతకుముందు నేను నేస్తుంటే అది పక్కన కూర్చుని ఏదో ఒకటి వాగుతూ ఉండేది. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎక్కడికి పోయి వస్తోందో, అవతలి కొసన ఎవరితో మాట్లాడి వస్తోందో చెప్పేది. ఇప్పుడు నూలు చుట్టిన కండె అందివ్వమంటే అందిస్తోంది, అంతే.

ఒకనాడు దాని తమ్ముడు, నాలుగేళ్ళవాడు, "అక్కా, మనం నడిస్తె చందమామ ఎందుకు నడుస్తది?" అని అడిగాడు. ఏడాది కిందట అయితే దాని దగ్గర మూడు జవాబులు ఉండేవి, మూడూ తప్పే. "తెల్వది," అంది. వాడు మళ్ళీ మళ్ళీ అడిగాడు. "తెల్వదురా, పండుకో," అంది. నేను మగ్గం మీద నుంచి లేచి బయటికి పోయాను. నాకు ఏడుపు వచ్చింది. అది కూడా ఆ పంతులు వల్లనే అనుకున్నాను.

బడి పోయాక ఆయన టపా ఆఫీసు ముందు కూర్చుని ఉత్తరాలు రాసిపెట్టేవాడు. ఒకసారి అటు పోతూ ఊరికే పోలేకపోయాను. "సల్లగున్నవా పంతులూ? నీ మాటే నిజమాయె. నా బిడ్డ మాట్లాడ్త లేదు," అన్నాను. దెప్పుదామనే అన్నాను గాని గొంతు వేరేగా పలికింది.

ఆయన తల ఎత్తి, "ఎవలితోని?" అని అడిగాడు.

"ఎవలితోని ఏంది? నాతోని."

"అట్లనా," అన్నాడు. చిన్నగా నవ్వి మళ్ళీ ఉత్తరం మీదికి వంగాడు. ఆ నవ్వు నాకు ఒళ్ళు మండించింది. ఒక మనిషి తన దుఃఖం చెప్పుకుంటే నవ్వే మనిషిని గురువంటారా అని ఇంటికి వచ్చి నా భార్యతో అన్నాను.  ఆమె బియ్యం చెరుగుతూ కూర్చుంది.

తర్వాత రాజ్యం మారింది. అర్జీ మీద సంతకాలు చేసినవాళ్ళే పోయి మళ్ళీ బడి పెట్టమని బతిమాలారు. నేను పోలేదు. ఆయన పెట్టలేదు. మీ పిల్లలకు ఇప్పుడు సర్కారు బడిలోనే తెలుగు చెప్తారు, నాతో పనేముందన్నాడట. చెల్లెలి ఊరికి పోయి వస్తానని బయలుదేరి డోర్నకల్లో అట్లా పోయాడు. వయసు ఎంతో కూడా మాకెవరికీ తెలియదు.

శవాన్ని బండిలో తెచ్చారు. వీధి అంతా వెంట నడిచింది, నేను చాలా వెనక నడిచాను. కాష్టం అంటించాక నా బిడ్డ కోసం చూస్తే ఆడవాళ్ళ దగ్గర లేదు. ఇంట్లో లేదు. పక్కింట్లో అడిగితే వాళ్ళ పిల్లలూ కనిపించడం లేదన్నారు. నా భార్యను అడిగాను.

"పంతులింటి ఎన్క చూడు," అంది, ముఖం తిప్పుకునే.

"గాడ ఏమున్నది?"

"ఎప్పటికి గాడనే ఉంటరు. రెండేండ్ల సంది. నీకు ఎవలు చెప్తరు?"

మా వీధిలోనే ఉన్న ఆయన ఇంటి వెనక ఒక మొండి గోడ ఉంది, నా ఛాతీ ఎత్తు. గోడ ఇవతలకు చేరేసరికే గొంతు వినిపించింది. నా బిడ్డదే. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. పంతులు బల్ల మీద కూర్చున్నాడట. వచ్చిన బండినల్లా ఇది కాదు, ఇది కాదు అన్నాడట. చివరికి పట్టాలు లేని బండి ఒకటి వచ్చిందట. ఇంజను డ్రైవరు దిగి, పంతులూ, తొవ్వ నువ్వే చెప్పాలె, మాకు తెల్వదు అన్నాడట. పంతులు ఎక్కే ముందు గుండీలు సరిచేసుకున్నాడట, మళ్ళీ తప్పే పెట్టుకున్నాడట. పిల్లలు నవ్వారు. ఒకరెవరో ముక్కు చీదారు. "మ... మరి బండి ఎటు పోయింది?" అని నత్తి పిల్ల అడిగింది.

నేను ఇంకా దగ్గరగా వినాలని ఒక అడుగు వేశాను. చెప్పు కింద పెంకు పగిలింది.

గోడ అవతల కథ ఆగిపోయింది. "ఎవలో ఉన్నరు," అంది ఒక గొంతు. "మా బాపు కావచ్చు," అంది నా బిడ్డ. మెల్లగా, ఇంట్లో మాట్లాడే గొంతుతో. 

గోడ మీదుగా తల పెట్టి, నేనేమీ అనను, చెప్పండి అనవచ్చు. అంటే నమ్ముతారా. నేనే అయితే నమ్మను. కాసేపు ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, వాళ్ళూ అట్లాగే ఉన్నారు. వంగి చెప్పులు విప్పాను. వాటిని చేతిలో పట్టుకుని, పెంకులు లేని చోట చూసి చూసి అడుగు వేస్తూ, నా వీధిలో నేనే దొంగలాగా వెనక్కి నడిచాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక మళ్ళీ గొంతు లేచింది. మాటలు మాత్రం అందలేదు. బండి ఎటు పోయిందో తెలుసుకోవాలని ఉన్నా ఆగలేదు, మట్టిలో ఉత్త కాళ్ళతో ఇంటి దాకా నడిచాను.